సంబంధం నేవీ ఆఫీసర్‌ది, అబ్బాయి అడ్మిరల్ అవుతాడంటున్నారు, ఇవ్వొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది తణుకు. మా అమ్మాయికి 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. బొబ్బిలి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి 31, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి ఎన్డీఏకి, అదే ఆఫీసర్లని తయారుచేసే డిఫెన్స్ అకాడమీకి వెళ్ళాడట, ఇప్పుడు నేవీలో లెఫ్టినెంట్ కమాండర్, వైజాగ్‌లోనే షిప్ మీద పోస్టింగ్. పేరయ్యగారు "అబ్బాయి ఖాయంగా అడ్మిరల్ అవుతాడు, కారు మీద స్టార్లు, బంగళా, ఇంటినిండా పనివాళ్ళు" అంటున్నారు. మా ఆయన హైదరాబాద్‌లో చదువుకున్నాయన ఒకరు నేవీ చీఫ్ అయ్యారని ఎక్కడో చదివారు, అప్పట్నుంచి కాళ్ళు నేల మీద నిలవట్లేదు. మా పెద్దమ్మేమో సముద్రం మీద తిరిగేవాడికి పిల్లనిస్తారటే అని రోజూ ఫోను. ఆర్నెల్లు ఇంట్లో ఉండరట, తాగుతారట, నిజమేనా? అమ్మాయి ఉద్యోగం ఏమవుతుంది? దాన్ని అడిగితే "నీ ఇష్టం అమ్మా" అంటుంది తప్ప నోరు విప్పదు. మీరు నేవీ ఆఫీసర్ భార్యగా చాలా ఏళ్ళు ఉన్నారు కదా, ఉన్నదున్నట్టు చెప్పండి.
- ఒక తల్లి, తణుకు

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదివితే 1988లో మా అమ్మ గుర్తొచ్చింది. అప్పుడు మావారు లెఫ్టినెంట్, మా అమ్మకి నేవీ అంటే ఏంటో తెలీదు, తెల్లబట్టలేసుకుని చక్కగా ఉన్నాడు, గవర్నమెంట్ ఉద్యోగం, అంతే, ఇచ్చేసింది. అడగడానికి ఒక్క మనిషి కూడా లేరు పాపం. మావారు కమోడోర్‌గా రిటైరయ్యారు, దాదాపు ముప్పై ఏళ్ళు ఆ జీవితం దగ్గర్నుంచి చూశా కాబట్టి మా అమ్మ అడగాల్సినవి, ఎవరూ ఆమెకి చెప్పనివి మీకు చెప్తా.

ముందు ఆ అడ్మిరల్ సంగతి తేల్చేద్దాం ఎందుకంటే పెళ్ళిచూపుల్లో ఎక్కువ గోల చేస్తున్నది అదే. నేవీలో సబ్ లెఫ్టినెంట్‌గా చేరాక రెండేళ్ళకి లెఫ్టినెంట్, ఆరేళ్ళకి లెఫ్టినెంట్ కమాండర్, పదమూడేళ్ళకి కమాండర్, ఇక్కడిదాకా సర్వీసు లెక్కన వచ్చేస్తుంది, పని సరిగ్గా చేసుకుంటూ, కోర్సులు, పరీక్షలు పాసవుతూ, మెడికల్‌గా ఫిట్‌గా ఉంటే చాలు. ఈ అబ్బాయి ఇంకో నాలుగేళ్ళకి అటూఇటూగా కమాండర్ అవుతాడు, దానికి ఢోకా లేదు. ఆ పైన కెప్టెన్, కమోడోర్, రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్, చివర్లో అడ్మిరల్. కెప్టెన్ నుంచి పైకి సెలక్షనే, ప్రమోషన్ బోర్డు కూర్చుంటుంది, ఏడాదేడాదికీ రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు ముందేసుకుని అదే బ్యాచ్ వాళ్ళలో కొందర్ని తీసుకుంటుంది, మిగిలినవాళ్ళని అక్కడే వదిలేస్తుంది. వదిలేసినవాళ్ళు చేతకానివాళ్ళా అంటే కానే కాదు, నేను చూసినవాళ్ళలో అందరికన్నా బాగా షిప్ నడిపినాయన ఒకరు కమాండర్ దగ్గరే ఆగిపోయారు, ఎందుకంటే ఉన్న ఖాళీలు అన్నే. పైకి పోయేకొద్దీ గోపురంలా సన్నబడిపోతుంది. మొత్తం నేవీని నడిపే అడ్మిరల్, అదే చీఫ్, ఒక్కరే ఉంటారు, ఆయన కూడా మూడేళ్ళు లేదా 62 ఏళ్ళ వయసు, ఏది ముందొస్తే అప్పుడు ఇంటికి వెళ్ళిపోవాల్సిందే. వైస్ అడ్మిరల్ అయితే 60, రియర్ అడ్మిరల్ 58. కాబట్టి ఖాయంగా అడ్మిరల్ అని చెప్పే పేరయ్య గారికి నేవీ గురించి ఏమీ తెలీదు. అబ్బాయే ఆ మాట అని ఉంటే కుర్రతనం, ఆ వయసులో అందరూ అనుకుంటారు, అనుకోవాలి కూడా, లేకపోతే ఆ ఉద్యోగం చెయ్యలేరు.

మీ ఆయన చదివింది నిజమే. రామ్‌దాస్ కటారి గారు. మొదటి భారతీయ నేవీ చీఫ్ ఆయన, అంతకుముందంతా ఇంగ్లీషు వాళ్ళే, స్వాతంత్ర్యం వచ్చి పదకొండో ఏడు, 1958 ఏప్రిల్ 22న ఆయన చేతికొచ్చింది. సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీ స్కూల్, నిజాం కాలేజీ చదువు. ఆయన కథలో నాకు బాగా నచ్చేది చీఫ్ అవ్వడం కాదు, మొదలు. 1927లో డఫ్‌రిన్ అనే ట్రైనింగ్ షిప్‌లో మొట్టమొదటి బ్యాచ్, అది కూడా యుద్ధనౌకల కోసం కాదు, వ్యాపార ఓడల ఆఫీసర్లని తయారు చేసేది. తర్వాత కలకత్తాలో హుగ్లీ నది లోతులు కొలిచే సర్వే పని. 1939లో యుద్ధం వచ్చాక వాలంటీర్ రిజర్వ్‌లో చేరారు, అంటే రెగ్యులర్ నేవీ కూడా కాదు. అక్కణ్ణుంచి చీఫ్ దాకా వెళ్ళారు. ఆయన టైంలోనే 1961లో విమానాలు దిగే యుద్ధనౌక, మొదటి విక్రాంత్ వచ్చింది, ఆ ఏడాది చివర్లోనే గోవా విముక్తి జరిగింది. 1962 జూన్‌లో దిగిపోయారు, ఆయన పుట్టింది 1911 అక్టోబర్‌లో, లెక్కేసుకోండి, యాభై ఏళ్ళకి చీఫ్ పదవి అయిపోయింది! తర్వాత బర్మాకి రాయబారిగా వెళ్ళారు. మీ ఆయనకి ఇది కూడా చదవమని చెప్పండి. ఎంత పైకెళ్ళినా యాభై అరవై మధ్యలో యూనిఫాం తీసేసి హ్యాంగర్‌కి తగిలించే ఉద్యోగం ఇది, ఆ తర్వాత ఇంకో పాతికేళ్ళు మీ అమ్మాయి ఆ మనిషితో ఉండాలి, స్టార్లతో కాదు.

మా ఇంట్లో ఆ రోజు చెప్తా. 2013లో మావారి పేరు రియర్ అడ్మిరల్ బోర్డుకి వెళ్ళింది. బోర్డు రిజల్ట్ ఉత్తరంలో రాదు, ఫోన్లలో వస్తుంది, ఎవరికి వచ్చిందో వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు, రానివాళ్ళకి ఫోన్ మోగదు. ఆ సాయంత్రం మా ఫోన్ మోగలేదు. ఆయన ఇంటికొచ్చి షూస్ విప్పి, తెల్ల చొక్కాకి ఉన్న ఇత్తడి గుండీలు ఒక్కొక్కటీ తీసి గిన్నెలో వేశారు, అవి విడిగా వచ్చేస్తాయి, బట్ట ఉతకడానికి వేసే ముందు రోజూ తీసేవే, కానీ ఆ రోజు చాలాసేపు తీశారు. నేనేం అడగలేదు. ఉప్మా పెడితే తిన్నారు. రాత్రి పదకొండింటికి "మన ఇల్లు వైజాగ్‌లోనే కట్టుకుందాం" అన్నారు, అంతే, ఆ సంగతి గురించి మా ఇద్దరి మధ్య వచ్చిన మాట అదొక్కటే. తర్వాత ఆర్నెల్లు మనిషి మామూలుగా అవ్వలేదు, ఆయన కింద పనిచేసిన కుర్రాళ్ళు వచ్చి కూర్చుని షిప్ కబుర్లు చెప్తుంటే మెల్లగా కోలుకున్నారు. ఎందుకు చెప్తున్నానంటే మీ అమ్మాయి జీవితంలో కూడా కెప్టెన్ బోర్డు దగ్గరో కమోడోర్ బోర్డు దగ్గరో ఆ సాయంత్రం ఒకటి రావచ్చు, ఎక్కువమందికి వస్తుంది, ఆ రోజు పక్కన ఉండాల్సింది తనే. మా ఆయన అడ్మిరల్ అవ్వాలి అని పెళ్ళిచూపుల నుంచే మనసులో పెట్టుకున్న పెళ్ళాం ఆ రోజు పక్కన ఉండలేదు, నేను చూశా, ఆ ఇల్లు ఎలా అయిపోయిందో కూడా చూశా.

డబ్బు కోసమైతే స్టార్ల గురించి అసలు ఆలోచించొద్దు. ఏడో పే కమిషన్ లెక్కలో లెఫ్టినెంట్ కమాండర్ ప్రారంభ బేసిక్ 69,400, కమాండర్ అవ్వగానే 1,21,200, అసలు పెద్ద జంప్ అదే, అది ఎలాగూ వస్తుంది. కమోడోర్ 1,39,600, రియర్ అడ్మిరల్ 1,44,200, తేడా ఐదు వేలు కూడా లేదు చూడండి. దీనికి తోడు కమోడోర్ దాకా నెలకి 15,500 మిలిటరీ సర్వీస్ పే ఉంటుంది, డీఏ, షిప్ మీద ఉంటే దాని అలవెన్సు వేరే.

ఇక ఆర్నెల్లు ఇంట్లో ఉండరట అన్నారు. ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది. షిప్ రిపేర్‌కి డాక్‌లో ఉంటే రోజూ సాయంత్రం ఇంటికొస్తారు, కూరగాయలు కూడా తెస్తారు. షిప్ నడుస్తుంటే సోమవారం వెళ్ళి శుక్రవారం రావడం, లేదా రెండు వారాలు ఎక్సర్‌సైజు, లేదా అటు గల్ఫ్ వైపు డిప్లాయ్‌మెంట్ అంటే రెండు మూడు నెలలు. తేదీ చెప్పినా ఆ తేదీకి రారు, ఇది మాత్రం రాసిపెట్టుకోండి, పదింటికి జెట్టీకి వస్తుందన్న షిప్ ఇంకో వారం అక్కడే ఉండమని సిగ్నల్ వస్తే తిరిగి వెళ్ళిపోతుంది. మా పెళ్ళైన కొత్తల్లో ఉత్తరాలు కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అని రాసేవాళ్ళం, షిప్ ఎక్కడుందో రాయకూడదు, మనకి తెలీదు కూడా, నాలుగు ఉత్తరాలు ఒకేసారి అందేవి, వాటిలో మొదటిదాంట్లో బాబుకి జ్వరం, నాలుగోదాంట్లో తగ్గిపోయింది అని ఉండేది, ఆయన వరసగా చదివేసుకునేవారు. ఇప్పుడు వాట్సాప్ ఉంది కానీ నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు, ఉన్నా ఎక్కడున్నాడో చెప్పడు, చెప్పమని అడగకూడదు.

తుఫాను సంగతి మీ పెద్దమ్మగారికి చెప్తే ఇంకా భయపడతారేమో గానీ చెప్పాల్సిందే. తుఫాను వస్తోందంటే ఊళ్ళో మగవాళ్ళందరూ ఇళ్ళకి చేరతారు, నేవీ వాళ్ళు షిప్ తీసుకుని సముద్రంలోకి పోతారు. జెట్టీకి కట్టేసిన షిప్ గాలికి గోడకేసి కొట్టుకుని పాడైపోతుంది, లోతు నీళ్ళలో అయితే తుఫాను దారి తప్పించుకుని తిరగొచ్చు, అందుకని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మావారు అప్పటికి షోర్ పోస్టింగ్, అంటే ఒడ్డు మీద ఉద్యోగం కాబట్టి ఊళ్ళోనే ఉన్నారు, కానీ ఆఫీసులో. మా క్వార్టర్‌లో పక్క బ్లాకుల నుంచి ముగ్గురు చిన్న పిల్లల తల్లులు, ఒక గర్భిణి, అందరం ఒకే గదిలో, కిటికీ అద్దాలు ఒక్కొక్కటీ పగుల్తుంటే పరుపు నిలబెట్టి కిటికీకి అడ్డం పెట్టి వీపు ఆనించి కూర్చున్నాం. ఆ గర్భిణి అమ్మాయిది గుంటూరు, పెళ్ళై ఏడాది కూడా కాలేదు, వాళ్ళాయన షిప్ మీద. రాత్రంతా ఏడ్చింది. తెల్లారాక చూస్తే చెట్టన్నది లేదు వైజాగ్‌లో, కరెంటు లేదు, ఫోన్లు లేవు. మూడో రోజు ఆ పిల్లే బకెట్లు పట్టుకుని ట్యాంకర్ దగ్గర లైన్ పెట్టిస్తోంది, ముసలాళ్ళకి ముందు పట్టండి అని అరుస్తోంది. నేవీ భార్య అంటే నాకు ఇప్పటికీ కళ్ళ ముందుకొచ్చే బొమ్మ అదే.

ఇంకొకటి. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి జరిగాక తర్వాతి ఏడాదంతా షిప్పులు నెలల తరబడి సముద్రం మీదే ఉన్నాయి, వైజాగ్ షిప్పులు కొన్నిటిని పడమటి తీరానికి పంపారు, మావారిది కూడా. అప్పుడు కాకినాడలో మా మామగారికి గుండెపోటు. ఆపరేషన్ చెయ్యాలి, కాగితం మీద సంతకం కావాలి, కొడుకు ఎక్కడ అంటారు వాళ్ళు, నేను కోడల్ని అంటే మగవాళ్ళెవరూ లేరా అన్నారు. నేనే పెట్టా సంతకం. చెయ్యి వణికింది. ఆయన బతికారు, ఇంకో తొమ్మిదేళ్ళు ఉన్నారు. మావారు ఐదు వారాల తర్వాత వచ్చి "నాకు కబురెందుకు చెయ్యలేదు" అని కోప్పడ్డారు. చేశాను, షిప్‌కి కబురు వెళ్ళింది కూడా, కానీ అప్పుడున్న పరిస్థితిలో ఆయన్ని పంపగలిగే వీలు లేక పైవాళ్ళు ఆయనకి చెప్పలేదు. అది తెలిశాక మావారు పెరట్లో కూర్చుని ఏడ్చారు, నేను ఆయన ఏడవడం చూసింది అప్పుడే.

ఇప్పుడు అసలు మాటకొస్తా. ఈ ఉద్యోగంలో పైకి తీసుకెళ్ళేది సముద్రం మీద గడిపిన టైమే. ఎగ్జిక్యూటివ్ బ్రాంచ్, అంటే షిప్ నడిపే బ్రాంచ్ ఆఫీసర్‌కి షిప్ మీద చేసిన పని, అందులోనూ షిప్ కమాండ్ చేసిన పీరియడ్, బోర్డు ముందు అదే బరువు తూగుతుంది. అంటే ప్రమోషన్ ఇచ్చే నెలలూ, ఇంట్లో లేని నెలలూ రెండూ ఒకటే. అబ్బాయికి 31 నుంచి 45 మధ్య వయసు అటు షిప్‌లో ఎక్స్‌ఓ, అంటే కెప్టెన్ తర్వాత రెండో మనిషి, తర్వాత సొంత కమాండ్ వచ్చే టైము, ఇటు పిల్లలు పుట్టి స్కూళ్ళకెళ్ళే టైము, మీ వియ్యపురాలికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యే టైము కూడా. రెండూ ఒకేసారి వస్తాయి. అబ్బాయి పైకెళ్తే ఆ కష్టంలో సగం మీ అమ్మాయిది, అది ఏ రిపోర్ట్‌లోనూ రాయరు. దీనికి తను ఒప్పుకుంటుందా అన్నదొక్కటే మీ ఇంట్లో తేలాల్సింది, మిగతావన్నీ తర్వాత.

కమాండ్ అంటే ఏంటో కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఇంటికొచ్చే మనిషి దాన్నుంచే వస్తాడు. షిప్ నడిపే ఆఫీసర్‌ది రాంక్ కమాండర్ అయినా, లెఫ్టినెంట్ కమాండర్ అయినా షిప్‌లో అందరూ ఆయన్ని కెప్టెన్ అనే అంటారు. రాత్రి పడుకునే ముందు ఒక పుస్తకంలో రాత్రికి ఆర్డర్లు రాస్తారు, ఏ దారిలో వెళ్ళాలి, ఏ ఓడ ఎంత దగ్గరికొస్తే లేపాలి, ఏమాత్రం సందేహమున్నా లేపండి అని, వాచ్‌లో, అంటే రాత్రి డ్యూటీలో ఉండే కుర్ర ఆఫీసర్లు చదివి సంతకం పెడతారు. నిద్రపోతున్నప్పుడు వేరేవాళ్ళు తప్పు చేసినా జవాబుదారీ కెప్టెనే. మావారు కమాండ్ చేసిన ఆ పద్దెనిమిది నెలలు, ఇంట్లో ఉన్న రాత్రులు కూడా, నేను మంచినీళ్ళకి లేచినా "ఏంటి, ఏమైంది" అని లేచి కూర్చునేవారు.

1971 యుద్ధంలో డిసెంబర్ 9న మన యుద్ధనౌక ఖుక్రీ మునిగిపోయినప్పుడు కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారు తన మనుషుల్ని బయటికి పంపుతూ షిప్‌తోనే ఉండిపోయారు, 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు ఆ రాత్రి. 2014 ఫిబ్రవరిలో సింధురత్న సబ్‌మెరైన్‌లో ప్రమాదం జరిగి ఇద్దరు ఆఫీసర్లు చనిపోతే చీఫ్‌గా ఉన్న అడ్మిరల్ డి.కె.జోషి గారు అదే రోజు నైతిక బాధ్యత అని రాజీనామా చేసేశారు. ఇంకా ఏడాదికి పైగా సర్వీసు ఉంది ఆయనకి. ఆ రోజు టీవీ చూస్తూ మావారు లేచి నిలబడ్డారు. మీ పేరయ్యగారు చెప్పే స్టార్ల కింద ఉండేది ఇది. నాకైతే ఈ మాట చెప్తుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది, భయంగా కూడా ఉంటుంది, రెండూ దాచను.

తాగుడు సంగతి. షిప్‌లో ఆఫీసర్లు కూర్చునే గదిని వార్డ్‌రూమ్ అంటారు, పార్టీలుంటాయి, మందు ఉంటుంది, క్యాంటీన్‌లో తక్కువకి దొరుకుతుంది, అది దాచేదేం లేదు. కానీ తాగని ఆఫీసర్లు కూడా బోలెడుమంది, జ్యూస్ గ్లాసు పట్టుకుని నిలబడితే ఎవరూ బలవంతం చెయ్యరు. తాగి పని పాడుచేసుకున్నవాడు నేవీలో ఎక్కువ కాలం దాగడు, రెండొందల మంది మధ్య ఇనప గోడల్లో ఉంటారు, ఎవడెలాంటివాడో అందరికీ తెలిసిపోతుంది. ఈ విషయం వాళ్ళింట్లో అడిగితే తెలీదు, షిప్‌లో తనతో పనిచేసిన పెళ్ళైన ఆఫీసర్ ఎవరైనా ఉంటే ఆ ఇంటి ఆవిడని అడిగించండి, పది నిమిషాల్లో తేలిపోతుంది.

అమ్మాయి ఉద్యోగం గురించి నాకు దిగులుంది, అబద్ధం చెప్పను. రెండు మూడేళ్ళకోసారి బదిలీ, వైజాగ్, కొచ్చి, ముంబై, ఢిల్లీ, గోవా అయితే పర్వాలేదు, కార్వార్, జామ్‌నగర్, పోర్ట్‌బ్లెయిర్ అంటే ఐటీ ఆఫీసులు ఎక్కడివి. మా కాలంలో నేను బీఈడీ చేసి ఐదు ఊళ్ళలో ఐదు స్కూళ్ళలో చేశా, ప్రతి చోటా కొత్త టీచర్నే, ఇరవై ఏళ్ళ అనుభవంతో కూడా కొత్త టీచర్నే. ఆ బాధ నాకు ఇంకా ఉంది. ఇప్పటి పిల్లలకి వర్క్ ఫ్రమ్ హోమ్ ఒక వరం, కంపెనీ పర్మిషన్ ఇస్తుందా అన్నది పెళ్ళికి ముందే కనుక్కోమనండి. కొంతమంది జంటలు ఆయన షిప్ మీద ఉన్నన్నాళ్ళు ఆవిడ హైదరాబాద్‌లోనే ఉండి ఆయన షోర్ పోస్టింగ్‌కి రాగానే కలిసి ఉంటున్నారు, అది కూడా సంసారమే, తప్పేం లేదు. అబ్బాయి మాత్రం "ఎందుకు ఉద్యోగం, నా జీతం చాలదా" అన్నాడంటే నాకు నచ్చదు, ఎందుకంటే ఇంట్లో లేనివాడు ఇంట్లో ఉన్నమ్మాయి చేతిలో పని కూడా తీసేస్తే ఆ పిల్ల రోజంతా ఏం చేస్తుంది?

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఊటీ దగ్గర వెల్లింగ్టన్‌లో స్టాఫ్ కోర్సు అని ఉంటుంది, సెలక్ట్ అయితే దాదాపు ఏడాది, భార్యాపిల్లలతో సహా. మా పెళ్ళైన తొమ్మిదో ఏడు మేం వెళ్ళాం. ఆయన రోజూ మధ్యాహ్నం ఇంటికొచ్చేవారు, సాయంత్రం పిల్లలతో హోంవర్క్, ఆదివారం కూనూరు నడుచుకుంటూ వెళ్ళి వేరుశనక్కాయలు తిని రావడం. మా అబ్బాయి ఇప్పటికీ "నాన్నతో ఉన్న ఏడాది" అంటాడు ఆ ఏడాదిని. వినడానికి బాధగా ఉంటుంది గానీ వాడు ప్రేమగానే అంటాడు. షిప్ నుంచి రాగానే మాత్రం మొదటి వారం కాస్త ఓపిక పట్టాలి, అక్కడ అందరూ ఆయన మాట వింటారు, ఇక్కడ ఇల్లు ఆయన లేకుండానే నడవడం నేర్చుకుని ఉంటుంది, పోపుల డబ్బాలు సర్దడం మొదలుపెడతారు, పిల్లల టైంటేబుల్ మారుస్తారు. మేం ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం, వచ్చిన వారం రోజులు ఆయన ఏదీ మార్చకూడదు, నేను ఏ ఫిర్యాదూ చెప్పకూడదు. అది బాగా పనిచేసింది.

మీ పెద్దమ్మగారికి ఒక సంగతి చెప్పండి. సముద్రం మీద తిరిగేవాడికి పిల్లనివ్వడమేంటి అంటున్నారు కదా, ఇప్పుడు పిల్లలే తిరుగుతున్నారు. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నేవీ అమ్మాయిలు బయల్దేరి భూమి మొత్తం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు, 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. ఆ ఆరుగురిలో స్వాతి మన వైజాగ్ అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో నేవీలో ఆడవాళ్ళకీ పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా ఆఫీసర్‌గా ఉండే వీలు వచ్చింది. ఆ తీర్పు రోజున మా కాలనీలో నేవీలో పనిచేసిన ఒకమ్మాయి స్వీట్లు పంచింది, తను అప్పటికే పద్నాలుగేళ్ళకి బయటికి వచ్చేయాల్సొచ్చింది పాపం.

పద్నాలుగేళ్ళు అంటే గుర్తొచ్చింది, అబ్బాయిది పర్మనెంట్ కమిషనా, షార్ట్ సర్వీసా అని సూటిగా అడగండి. ఎన్డీఏ అన్నారు కాబట్టి పర్మనెంటే అయ్యుండాలి, కానీ పెళ్ళి సంబంధాల్లో మాటలు మారతాయి. షార్ట్ సర్వీస్ అయితే పదేళ్ళు, పొడిగిస్తే పద్నాలుగు, ఆలోపు పర్మనెంట్ కమిషన్ రాకపోతే పెన్షన్ లేకుండా బయటికే. అది తక్కువేం కాదు, బయటికొచ్చి మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు చాలామంది, కానీ తెలిసి చేసుకోవాలి. బ్రాంచ్ కూడా అడగండి, ఎగ్జిక్యూటివా, ఇంజినీరింగా, ఎలక్ట్రికలా, ఎందుకంటే షిప్ కమాండ్ ఎగ్జిక్యూటివ్ వాళ్ళదే, ఇంజినీరింగ్ వాళ్ళకి డాక్‌యార్డ్ పోస్టింగులు ఎక్కువ పడతాయి కాబట్టి ఇంట్లో కాస్త ఎక్కువ కనిపిస్తారు. సబ్‌మెరైన్ వైపు వెళ్ళాలనుకుంటున్నాడా అని కూడా అడగండి, వాళ్ళ ట్రైనింగ్ మన వైజాగ్‌లోనే, ఐఎన్‌ఎస్ శాతవాహనలో, పేరు కూడా మనదే. సబ్‌మెరైన్ అయితే నీళ్ళ కిందున్నన్ని రోజులూ ఫోనూ లేదు, మెసేజీ లేదు.

ఇక మీ అమ్మాయి "నీ ఇష్టం అమ్మా" అనడం. ఇదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పెట్టింది. నేనూ 1988లో అదే అన్నా. నాకు ఇష్టం లేక కాదు, దేనికి ఇష్టపడాలో తెలీక. తనకీ అలాగే ఉండి ఉంటుంది, అబ్బాయి బావున్నాడు, మంచివాడిలా ఉన్నాడు, కానీ ఆ జీవితం ఎలా ఉంటుందో ఊహకి అందట్లేదు. దానికి మీరూ నేనూ ఎంత చెప్పినా చాలదు, కళ్ళతో చూడాలి.

ఒక పని చెయ్యండి. రెండ్రోజులు సెలవు పెట్టించి అమ్మాయిని వైజాగ్ పంపండి, మా ఇంట్లో ఉంటుంది. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా, 1969లో నేవీలోకి వచ్చి 2001 దాకా పనిచేసింది, 91 మీటర్ల పొడుగు, డెబ్భై మందికి పైగా అందులోనే తిని అందులోనే పడుకునేవాళ్ళు. లోపలికి తీసుకెళ్ళి ఆ బంకులు చూపిస్తా, వంటగది ఎంతుంటుందో చూపిస్తా. హుద్‌హుద్ రాత్రి మా గదిలో ఏడ్చిన గుంటూరు అమ్మాయి ఇప్పుడు వైజాగ్‌లోనే ఉంది, వాళ్ళాయన కమాండర్, షిప్ మీదే ఉన్నాడు, కూతురు స్కూల్‌కెళ్తోంది. తనని కూడా భోజనానికి పిలుస్తా, ఇద్దరూ మాట్లాడుకుంటారు, నేను వంటింట్లో ఉంటా. ఆ తర్వాత అబ్బాయితో అమ్మాయే ఒక గంట మాట్లాడుతుంది, పెద్దవాళ్ళెవరూ పక్కన లేకుండా, ఏం అడగాలో అప్పటికి తనకే తెలుస్తుంది. రత్నాచల్ ఎక్కితే తాడేపల్లిగూడెం నుంచి తిన్నగా వచ్చేయొచ్చు, రైలెక్కేటప్పుడు ఒక ఫోన్ చెయ్యమనండి, స్టేషన్‌కి మావారు వస్తారు.